లిఫ్టు చేసిన ట్రక్కుకి స్టీరింగ్ స్టెబిలైజర్ మార్చాలా వద్దా: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళ ముందు ఒకప్పుడు క్యామ్రీలూ ఒడిస్సీలే కనిపించేవి. ఇప్పుడు మా వీధిలోనే లిఫ్టు చేసిన, అంటే సస్పెన్షన్ మార్చి ఎత్తు పెంచిన, జీప్ ర్యాంగ్లర్లు రెండు, పెద్ద డీజిల్ ట్రక్కు ఒకటి ఉన్నాయి. ఆ డీజిల్ ట్రక్కు నాది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆరు అంగుళాల లిఫ్టు, 37 అంగుళాల టైర్లు. దాని ముందు చక్రాల వణుకు తగ్గించడానికి ఏడాదిన్నర తిప్పలు పడ్డాను. అప్పటి నుంచి ఎవరి స్టీరింగ్ ఊగినా ముందు నాకే ఫోన్ చేస్తున్నారు. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పినవే ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను మెకానిక్‌ని కాను. కానీ ఈ ఒక్క విషయంలో నా డబ్బు చాలానే పోయింది.

స్టీరింగ్ స్టెబిలైజర్ అంటే ఏమిటి? అది ఏం చేస్తుంది?

ట్రక్కు ముందు బంపర్ కిందకి వంగి చూస్తే అడ్డంగా పడుకోబెట్టిన షాక్ అబ్జార్బర్ లాంటిది ఒకటి కనిపిస్తుంది. అదే స్టెబిలైజర్. స్టీరింగ్ డ్యాంపర్ అని కూడా అంటారు. ఒక కొస యాక్సిల్‌కో ఫ్రేమ్‌కో బిగించి ఉంటుంది. రెండో కొస టై రాడ్‌కి (రెండు ముందు చక్రాలనీ కలిపే కడ్డీ) గానీ డ్రాగ్ లింక్‌కి (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్ళే కడ్డీ) గానీ ఉంటుంది. లోపల ఆయిల్, పిస్టన్, చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. చక్రం ఒక్కసారిగా పక్కకి తిరగబోతే ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి దూరి వెళ్ళాలి కాబట్టి ఆ కుదుపు మెత్తబడుతుంది.

ఆఫీసు తలుపు పైన ఉండే డోర్ క్లోజర్‌ని ఊహించుకోండి. తలుపు దడాలున కొట్టుకోకుండా ఆపడమే దాని పని. తలుపు బందులు ఊడిపోయి ఉంటే ఎంత ఖరీదైన క్లోజర్ పెట్టినా తలుపు సరిగ్గా పడదు. స్టెబిలైజర్ సంగతీ అంతే. ట్రక్కుని సూటిగా నడిపించేది చక్రాల కోణాలు, గట్టిగా ఉన్న జాయింట్లు. స్టెబిలైజర్ వాటికి తోడు మాత్రమే.

అది లేకుండా ట్రక్కు నడవదా?

నడుస్తుంది. ముందు భాగం మొత్తం సరిగ్గా ఉన్న ట్రక్కు స్టెబిలైజర్ విప్పేసినా వణకకూడదు. గుంతలో పడినప్పుడు స్టీరింగ్ చేతికి కాస్త ఎక్కువగా తంతుంది, అంతే. అనుభవం ఉన్న మెకానిక్‌లు కొందరు దాన్ని విప్పేసి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, అసలు రోగం ఎక్కడుందో బయటపెడతారు. దయచేసి ఈ ప్రయోగం మీరు హైవే మీద చేయకండి.

లిఫ్టు చేస్తే స్టీరింగ్‌కి ఏమవుతుంది?

ముందు యాక్సిల్ ఒకే దుంగలా ఉండే ట్రక్కుల గురించి చెబుతున్నాను. ర్యాంగ్లర్, ఫోర్డ్ సూపర్ డ్యూటీ 4x4, రామ్ 2500 లాంటివి. లిఫ్టుతో వీటిలో నాలుగైదు మార్పులు ఒకేసారి వస్తాయి.

మొదటిది క్యాస్టర్. కాస్ట్‌కోలో సామాన్ల బండి తోసేటప్పుడు ఒక ముందు చక్రం గిలగిలా కొట్టుకోవడం మీరు చూసే ఉంటారు. బండి మెల్లగా పోతే బాగానే ఉంటుంది, వేగం పెరిగితే చక్రం పిచ్చెక్కినట్టు ఊగుతుంది. ట్రక్కు ముందు చక్రాలకీ ఆ స్వభావం ఉంది. స్టీరింగ్ వదిలేస్తే చక్రాలు వాటంతటవే సూటిగా రావాలంటే, అవి ఎడమకీ కుడికీ తిరిగే ఇరుసు పైకొస వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలే క్యాస్టర్. ఫ్రేమ్‌ని పైకి లేపినప్పుడు యాక్సిల్‌ని పట్టుకున్న కంట్రోల్ ఆర్మ్‌లు కిందకి వంగి, యాక్సిల్‌ని కాస్త ముందుకి తిప్పేస్తాయి. దాంతో క్యాస్టర్ తగ్గిపోతుంది. అప్పుడు హైవే మీద స్టీరింగ్ తేలిగ్గా, అటూఇటూ తచ్చాడుతున్నట్టు అనిపిస్తుంది. దీనికి మందు పొడుగు మార్చుకోగల కంట్రోల్ ఆర్మ్‌లో, ఆర్మ్‌లని కిందకి దించే బ్రాకెట్లో. కొన్ని సూపర్ డ్యూటీల్లో పై బాల్ జాయింట్ (చక్రం ఎడమకీ కుడికీ తిరగడానికి ఆధారమైన గుండ్రటి కీలు) దగ్గర వేసే ప్రత్యేకమైన బుష్షులు కూడా ఉంటాయి. క్యాస్టర్ మరీ పెంచినా చిక్కే. ముందు డిఫరెన్షియల్ మూతి కిందకి దిగి, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ కోణం పాడై, అక్కడి నుంచి ఇంకో రకం వణుకు మొదలవుతుంది.

రెండోది ట్రాక్ బార్. యాక్సిల్ పక్కలకి జరగకుండా పట్టుకునే ఏటవాలు కడ్డీ ఇది. ఒక కొస డ్రైవర్ వైపు ఫ్రేమ్‌కి, ఇంకో కొస అవతలి వైపు యాక్సిల్‌కి ఉంటుంది. ట్రక్కు లేచినప్పుడు ఇది ఇంకా ఏటవాలుగా మారి యాక్సిల్‌ని మొత్తంగా డ్రైవర్ వైపు లాగుతుంది. అందుకే లిఫ్టు చేసిన కొన్ని ట్రక్కుల్ని వెనక నుంచి చూస్తే ముందు టైరు ఒకటి బయటకి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. డ్రాగ్ లింక్, ట్రాక్ బార్ రెండూ ముందు నుంచి చూస్తే ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒకదాన్ని దించి ఇంకోదాన్ని వదిలేస్తే ప్రతి ఎగుడుదిగుడుకీ స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. బంప్ స్టీర్ అంటే అదే. దాన్ని స్టెబిలైజర్ ఆపలేదు.

ఇక టైర్లు. 37 అంగుళాల మడ్ టైరూ దాని రిమ్మూ కలిస్తే ఒక మనిషి కష్టపడి ఎత్తాల్సినంత బరువు. అంత బరువు అసమానంగా తిరిగితే జాయింట్లన్నీ రోజూ దెబ్బలు తింటాయి. రిమ్ములు బయటకి పొడుచుకొచ్చే రకమైతే చక్రం ఎడమకీ కుడికీ తిరిగే ఇరుసుకీ టైరు మధ్యకీ దూరం పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్‌కి తగిలే దెబ్బ కూడా పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన సన్నటి స్టెబిలైజర్ ఇంత భారానికి తయారైంది కాదు. లిఫ్టు చేసినవాళ్ళు కాస్త దిట్టమైనది వేసుకోవడంలో అందుకే తప్పేమీ లేదు. వణుకు పోవడానికని వేసుకుంటేనే తప్పు.

డెత్ వాబుల్ అంటే ఏమిటి? స్టీరింగ్ కొంచెం వణికితే అదేనా?

కాదు. ఈ పదాన్ని ప్రతి వణుకుకీ వాడేస్తున్నారు. 55 మైళ్ళ దగ్గర మొదలై 65 దాటితే తగ్గే సన్నటి వణుకు చాలా వరకు టైరు బ్యాలెన్సింగ్ సమస్య. బ్రేకు వేసినప్పుడే వస్తే రోటార్లు చూడండి. ఎగుడుదిగుడులో ఒక్కసారి పక్కకి లాగి వదిలేస్తే అది బంప్ స్టీర్.

డెత్ వాబుల్ వేరు. అది వచ్చినప్పుడు వచ్చిందా లేదా అన్న అనుమానమే ఉండదు. సాధారణంగా 45 మైళ్ళు దాటిన వేగంలో, ఒక గుంత మీదో, వంతెన అతుకు మీదో ముందు చక్రాలు పడతాయి. ఆ ఒక్క దెబ్బతో రెండు ముందు చక్రాలూ ఎడమా కుడీ కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఆగవు. ఒక ఊపు ఇంకో ఊపుకి బలం ఇస్తుంది. డ్యాష్‌బోర్డ్ మీద ఉన్నవి కింద పడతాయి. నాకు మొదటిసారి వచ్చినప్పుడు వెనక సీట్లో పిల్లలు ఉన్నారు. ఇంజన్ ఊడి పడిపోతోందేమో అనుకున్నాను. మా ఆవిడ ఆ తర్వాత మూడు నెలలు ఆ ట్రక్కు ఎక్కలేదు.

అది మొదలైతే ఏం చేయాలి?

స్టీరింగ్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, కానీ దానితో కుస్తీ పట్టకండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. బ్రేకు ఒక్కసారిగా తొక్కకండి, మెల్లగా తగ్గించండి. వేగం బాగా పడిపోయాక వణుకు దానంతటదే ఆగుతుంది. హజార్డ్ లైట్లు వేసి పక్కకి తీసి ఆపండి. ఆగిపోయింది కదా అని మళ్ళీ హైవే ఎక్కకండి. వచ్చిన ప్రతిసారీ అది బాల్ జాయింట్లనీ, టై రాడ్ ఎండ్లనీ, స్టీరింగ్ బాక్సునీ ఇంకాస్త దెబ్బతీసి పోతుంది. స్టెబిలైజర్‌ని కూడా.

కొత్త స్టెబిలైజర్ వేయగానే వణుకు పోయింది. అంటే తప్పు దానిదే కదా?

నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను. మొదటి వణుకు తర్వాత ఒక షాపుకి తీసుకెళ్ళాను. వాళ్ళు కింద ఒకసారి చూసి "స్టెబిలైజర్ పోయింది" అన్నారు. కొత్తది వేశారు. ట్రక్కు బ్రహ్మాండంగా నడిచింది. రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం అదే వంతెన మీద, ముందటికంటే ఘోరంగా మళ్ళీ వచ్చింది.

పుచ్చిన పన్ను మీద లవంగం పెట్టుకుంటే నొప్పి తెలియదు. పుచ్చు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. గట్టి కొత్త స్టెబిలైజర్ ఒక వదులు జాయింట్ కదలికని కొన్నాళ్ళు అణిచి ఉంచగలదు. జాయింట్ ఇంకాస్త అరిగి, స్టెబిలైజర్ కొత్తదనం తగ్గిన రోజున వణుకు తిరిగొస్తుంది. నా ట్రక్కులో అసలు దోషి ట్రాక్ బార్ ఫ్రేమ్ వైపు జాయింట్. ఆ మెకానిక్ మోసం చేశాడని నేను అనను. ట్రక్కు కింద వెతికే ఓపిక ఆయనకి లేకపోయింది. ఆయన వెతుకుతున్నాడా లేదా అని అడిగే తెలివి నాకు లేకపోయింది.

కాబట్టి కొత్తది వేయగానే వణుకు ఆగిందంటే, స్టెబిలైజర్ దేన్నో కప్పిపెట్టి ఉండొచ్చు అని గుర్తు పెట్టుకోండి. మిగతావి చూడకుండా ఆ కేసు మూసేయకండి.

మరి కంపెనీలే స్టెబిలైజర్ మార్చి ఇచ్చాయి కదా?

మంచి ప్రశ్న. 2018లో వచ్చిన కొత్త తరం ర్యాంగ్లర్లలో స్టీరింగ్ ఊగుతోందని ఫిర్యాదులు వస్తే, 2019లో కంపెనీ మార్పులు చేసిన డ్యాంపర్‌ని ఉచితంగా వేసి ఇచ్చింది. అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త ట్రక్కులో, జాయింట్లేవీ అరగకుండానే, డ్యాంపర్ సరిపోకపోవడం వల్ల వణుకు రావడం నిజంగా ఉంటుంది. ఒకే దుంగ యాక్సిల్‌కి ఊగే స్వభావం పుట్టుకతోనే ఉంది. డ్యాంపర్ ఆ డిజైన్‌లో భాగం.

కానీ మనం మాట్లాడుతున్నది లిఫ్టు చేసి, పెద్ద టైర్లు వేసి, 80 వేల మైళ్ళు తిరిగిన ట్రక్కు గురించి. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. మీది ఆ సంవత్సరాల ర్యాంగ్లర్ అయితే, ముందు డీలర్‌కి ఫోన్ చేసి మీ విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) మీద ఆ పని జరిగిందో లేదో కనుక్కోండి. అడగడానికి డబ్బులేమీ కావు.

అయితే స్టెబిలైజర్ నిజంగా పోయిందని ఎలా తెలుస్తుంది?

ముందు కళ్ళతో చూడండి. ఆయిల్ బొట్లు బొట్లుగా కారుతోందా? కడ్డీ వంగిందా, దాని మీద గీతలు పడ్డాయా? గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయిందా? రాళ్ళ మీద తిప్పేవాళ్ళకి ఇది మామూలే. రెండు కొసల్లో రబ్బరు బుష్షులు పగిలి బోల్టు ఖాళీగా ఆడుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మార్చేయండి, ఇంకో ఆలోచన వద్దు.

బయటకి బాగానే ఉంటే ఒక కొస విప్పండి. చేత్తో లోపలికి నొక్కి, బయటకి లాగండి. మొదటి నుంచి చివరి వరకు ఒకే రకమైన బిగువు ఉండాలి. మధ్యలో ఎక్కడైనా చెయ్యి జారినట్టు ఖాళీగా కదిలితే లోపల ఆయిల్ తగ్గిపోయినట్టు, లేదా వాల్వ్ పోయినట్టు. చక్రాలు సూటిగా ఉన్నప్పుడు పిస్టన్ దాదాపు మధ్యలో ఉంటుంది కాబట్టి అరుగుదల కూడా అక్కడే ఎక్కువ. మనకి కావాల్సిందీ ఆ మధ్య భాగమే. అసలు కదలకుండా పట్టేసినా పోయినట్టే.

విప్పి వదిలేస్తే కొన్ని స్టెబిలైజర్లు వాటంతటవే బయటకి సాగుతాయి. భయపడకండి, అవి లోపల గ్యాస్ నింపిన రకం.

పైన కాస్త ఆయిల్ తడి ఉంది. అది లీకేనా?

సీలు చుట్టూ సన్నటి పొరలా తడి ఉండి, దుమ్ము అంటుకుని ఉంటే అది మామూలే. ఒక గుడ్డతో తుడిచి వారం తర్వాత చూడండి. మళ్ళీ గొట్టం మీద చారలు కట్టి కారి ఉంటే లీకు.

ఇంకో మాట. పక్కనే స్టీరింగ్ బాక్సూ పవర్ స్టీరింగ్ గొట్టాలూ ఉంటాయి. పైనుంచి కారిన ఆయిల్ స్టెబిలైజర్ మీద పడినా చూడటానికి ఒకేలా ఉంటుంది. తడి ఎక్కడ మొదలైందో పైకి వెతుక్కుంటూ వెళ్ళండి.

మిగతా పార్టుల్ని ఇంట్లోనే ఎలా చూడాలి?

ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఇది మాత్రం చదవండి. పావుగంట పని. కావలసింది ఇంకో మనిషి, ఒక టార్చి లైటు. నాకు మా పెద్దాడు సాయం చేశాడు.

ట్రక్కుని చదునైన చోట, చక్రాల మీదే నిలబెట్టండి. జాకీ వద్దు. పార్కింగ్ బ్రేకు వేయండి. ఇంజన్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే పవర్ స్టీరింగ్ పని చేయదు. రెండో మనిషి స్టీరింగ్‌ని గడియారంలో పది నుంచి రెండు వరకు, అటూ ఇటూ గబగబా తిప్పుతూ ఉండాలి. మీరు కింద పడుకుని ఒక్కో జాయింట్ దగ్గర లైటు పెట్టి చూడాలి. ఒక్కోదానికి పది సెకన్లు చూసి వెళ్ళిపోకండి. ఒక నిమిషం ఇవ్వండి. చూడటం కష్టమైన చోట వేలు ఆనించి ఉంచితే కదలిక తెలుస్తుంది, నలిగే చోట మాత్రం వేలు పెట్టకండి.

ట్రాక్ బార్ రెండు కొసలతో మొదలుపెట్టండి. బోల్టు తల బ్రాకెట్ లోపల కదలకూడదు, వెంట్రుకవాసి కూడా. 2007 నుంచి 2018 వరకు వచ్చిన జేకే అనే పాత తరం ర్యాంగ్లర్లలో ఇక్కడ వేసే 14 మిల్లీమీటర్ల బోల్టు వదులై, బ్రాకెట్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోవడం చాలామంది చూశారు. దాన్ని 125 ఫుట్ పౌండ్లకి బిగించాలని కంపెనీ లెక్క. రంధ్రం సాగిపోయాక ఎంత బిగించినా ఆగదు. రంధ్రాన్ని 9/16 అంగుళానికి తొలిచి లావు బోల్టు వేయడమో, బ్రాకెట్‌కి పట్టీ వెల్డింగ్ చేయించడమో దారి.

తర్వాత డ్రాగ్ లింక్, టై రాడ్ కొసలు. రాడ్ కదిలినప్పుడు జాయింట్ కూడా వెంటనే కదలాలి. రాడ్ ముందు కదిలి, జాయింట్ ఒక్క క్షణం ఆలస్యంగా వస్తే అది అరిగింది. స్టీరింగ్ బాక్సు ఫ్రేమ్‌కి బిగించిన బోల్టుల దగ్గర ఫ్రేమే ఊపిరి పీలుస్తున్నట్టు ఉబ్బితే, అక్కడ పగులు ఉందేమో చూడండి. కంట్రోల్ ఆర్మ్ బుష్షులు చిరిగాయేమో చూడండి.

ఇక జాకీ పెట్టి చక్రం గాల్లోకి లేపండి, కింద స్టాండు పెట్టడం మర్చిపోకండి. టైరుని గడియారంలో పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపితే కదిలిందా? బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ పోయింది. టైరు కింద పొడవాటి కడ్డీ పెట్టి పైకి లేపితే ఆ రెండిట్లో ఏదో ఇంకా బాగా తెలుస్తుంది. మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుంటే కదిలిందా? టై రాడ్ కొస చూడండి.

నేను మొదటిసారి ఇవన్నీ చూసినప్పుడు ట్రాక్ బార్ దగ్గర పెద్దాడు "నాన్నా, అక్కడ ఏదో టక్కుమంటోంది" అన్నాడు. వాడు పైన కూర్చుని విన్నాడు. నేను కింద పడుకుని ఇంకో చోట చూస్తున్నాను.

టైర్లూ అలైన్‌మెంట్ సంగతి?

ఇవి ముందే చూసుకోవాల్సింది, ఎందుకంటే చవక. బ్యాలెన్సింగ్ చేయించండి. టైర్లు ముందువి వెనక్కి మార్చి చూడండి. వణుకు తీరు మారితే జవాబు దొరికినట్టే. గాలి కూడా ముఖ్యం. డోరు మీద రాసిన ప్రెషర్ కంపెనీ టైరుకి రాసింది, మీరు వేసిన 37 అంగుళాల టైరుకి కాదు. గాలి ఎక్కువైతే టైరు బంతిలా ఎగురుతుంది.

అలైన్‌మెంట్ చేయించినప్పుడు ప్రింటు తీసుకోండి. అందులో క్యాస్టర్ అంకె చూడండి. చాలా షాపులు టో (ముందు చక్రాల ముక్కులు లోపలికో బయటకో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసి పంపిస్తాయి, ఎందుకంటే క్యాస్టర్ మార్చాలంటే పార్టులు కొనాలి. లిఫ్టు చేసిన ట్రక్కుని అసలు ముట్టుకోని షాపులూ ఉన్నాయి. ముందే ఫోన్ చేసి అడగండి.

ఒకటి చాలా? రెండు వేయించమంటున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మామూలు రోడ్ల మీద తిరిగే ట్రక్కుకి మంచిది ఒకటి చాలు. రెండు వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపు తిరిగాక సూటిగా రావడానికి బద్ధకిస్తుంది. అన్నిటికంటే పెద్ద నష్టం, కింద ఏ జాయింట్ వదులవుతున్నా అది మీ చేతికి తెలియకుండా పోతుంది. 40 అంగుళాల టైర్లతో రాళ్ళ మీద తిరిగేవాళ్ళ లెక్క వేరు.

గ్యాస్ రకం వేసేటప్పుడు ఒకటి గమనించండి. గ్యాస్ ఎప్పుడూ కడ్డీని బయటకి తోస్తూనే ఉంటుంది కాబట్టి కొన్ని ట్రక్కుల్లో స్టీరింగ్ ఒక పక్కకి కాస్త లాగుతుంది. కొత్తది వేశాక అలైన్‌మెంట్ మారినట్టు అనిపిస్తే దాన్ని విప్పి చూడండి. బిగువు మార్చుకునే నాబ్ ఉన్నవీ వస్తున్నాయి. బాగుంటాయి, ఖరీదెక్కువ. అందరికీ అవసరం లేదు.

నాది ఎఫ్-150. దానికి వేయాలా?

అక్కర్లేదు. ఎఫ్-150, టకోమా, సిల్వరాడో 1500 లాంటివాటికి ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటుంది. ఒక చక్రం దెబ్బ యాక్సిల్ ద్వారా రెండోదానికి పాకదు కాబట్టి అసలైన డెత్ వాబుల్ వాటికి రాదు. వణుకుతుంటే టైర్లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు చూడండి.

ఎన్ని మైళ్ళకి ఒకసారి మార్చాలి?

ఇంజన్ ఆయిల్‌లా లెక్క లేదు. పోయినప్పుడు మార్చాలి. నేను ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఒకసారి చూస్తాను.

ఖర్చెంత? నేనే మార్చుకోవచ్చా?

మామూలు రకం యాభై నుంచి నూటయాభై డాలర్లలో దొరుకుతుంది. బిగువు మార్చుకునేవీ, జంటగా వచ్చేవీ మూడు నాలుగు వందలు దాటతాయి. పని మాత్రం చిన్నది, చాలా ట్రక్కుల్లో రెండు బోల్టులే. ఒక కొస కోన్ ఆకారంలో బిగుసుకుని ఉంటే సుత్తితో పక్కనుంచి కొట్టాలి, లేదా ఆటో పార్టుల షాపులో పుల్లర్ అద్దెకి తెచ్చుకోవాలి. చాలా షాపుల్లో డిపాజిట్ కడితే చాలు, తిరిగిచ్చేస్తే మొత్తం వాపసు ఇస్తారు.

వేశాక స్టీరింగ్ పూర్తిగా ఎడమకీ, పూర్తిగా కుడికీ తిప్పి కింద చూడండి. స్టెబిలైజర్ ఏ వైపూ చివరికంటా సాగిపోకూడదు, లోపలికి తన్నుకోకూడదు, డిఫరెన్షియల్ మూతకో ట్రాక్ బార్‌కో తగలకూడదు. చక్రాలు ఆగాల్సింది యాక్సిల్ మీద ఉన్న స్టాపుల దగ్గర. స్టెబిలైజరే స్టాపు అయిందంటే వారంలో సీలు పోతుంది. లిఫ్టు కిట్లలో బ్రాకెట్ మార్చేటప్పుడు ఈ పొరపాటు ఎక్కువ.

రబ్బరు బుష్షు ఉన్న బోల్టులేవైనా, ముఖ్యంగా ట్రాక్ బార్‌వి, ట్రక్కు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే కిందకి దించినప్పుడు రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. వందో రెండొందలో మైళ్ళు తిరిగాక మళ్ళీ ఒకసారి టార్క్ రెంచి పెట్టి చూడండి.

డ్రాగ్ లింక్ పొడుగు మార్చారా? అయితే స్టీరింగ్ మధ్యకి వచ్చిందో లేదో చూసుకోవాలి. స్టీరింగ్ వంకరగా ఉంటే, మీరు మలుపు తిప్పుతున్నారని కంప్యూటర్ అనుకుని స్టెబిలిటీ కంట్రోల్ సూటి రోడ్డు మీద బ్రేకులు పట్టే అవకాశం ఉంది.

ఇన్‌స్పెక్షన్‌లో పట్టుకోరా? వారంటీ పోదా?

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి వ్యక్తిగత వాహనాలకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి 17 కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. అంతకుముందు ఏడాదికోసారైనా ఎవరో ఒకరు స్టీరింగ్ వైపు చూసేవాళ్ళు. ఇప్పుడు మీరే చూసుకోవాలి.

వారంటీ విషయానికొస్తే, వేరే కంపెనీ స్టెబిలైజర్ వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయడానికి 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. మీరు వేసిన పార్టు వల్లే ఫలానాది పాడైందని వాళ్ళు చూపించాలి. కానీ ఆరు అంగుళాల లిఫ్టు చేసి బాల్ జాయింట్లు వారంటీలో అడిగితే, అది చూపించడం వాళ్ళకి పెద్ద కష్టం కాదు.

హైదరాబాద్‌లో మా తమ్ముడికి జిమ్నీ ఉంది. ఇదంతా వర్తిస్తుందా?

చాలా వరకు వర్తిస్తుంది. 2023లో మారుతి తెచ్చిన జిమ్నీకి ముందు కూడా దుంగ యాక్సిలే, ట్రాక్ బార్ ఉంది, స్టీరింగ్ డ్యాంపర్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. 2020 తర్వాతి థార్‌కి ముందు చక్రాలు విడిగా కదిలే రకం కాబట్టి లెక్క వేరు. అయితే అక్కడ లిఫ్టు చేసే ముందు బండిలో మార్పుల మీద ఆంక్షలు పెట్టే మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి ఆలోచించుకోమనండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకీ బండికీ తేడా వస్తే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది.

లిఫ్టు చేసిన సెకండ్ హ్యాండ్ ట్రక్కు చూశాను. స్టెబిలైజర్లు రెండూ కొత్తవి, తళతళలాడుతున్నాయి. మంచిదే కదా?

చుట్టూ ఉన్నవి చూడండి. ట్రాక్ బార్, టై రాడ్, కంట్రోల్ ఆర్మ్‌లు అన్నీ తుప్పుపట్టి, మట్టి కొట్టుకుపోయి ఉండగా స్టెబిలైజర్లు మాత్రమే కొత్తగా ఉంటే, అవి ఎందుకు మార్చారని అమ్మేవాళ్ళని అడగండి. "అప్‌గ్రేడ్ చేశాను" అంటే అలైన్‌మెంట్ ప్రింటు అడగండి. టెస్ట్ డ్రైవ్ కాలనీ వీధుల్లో కాదు, 60 మైళ్ళ వేగంతో వంతెన అతుకులున్న రోడ్డు మీద చేయండి. పిల్లల్ని తీసుకెళ్ళకండి. తిరిగొచ్చాక ఆ పావుగంట పరీక్ష అక్కడే, వాళ్ళ డ్రైవ్‌వేలోనే చేస్తానని అడగండి. ఒప్పుకోకపోతే ఇంటికొచ్చేయండి.

నేను కొన్నరోజు నా ట్రక్కుకి ఎర్రగా మెరిసేవి రెండు ఉన్నాయి. ఫోటో తీసి మా బావమరిదికి పంపాను కూడా, పాత ఓనర్ ఎంత బాగా చూసుకున్నాడో చూడమని.